గంధం అంటిన బటన్

ఇది జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. ఈమధ్యనే కోడలి దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ఆ కంప్యూటర్ల ఆవిడ గురించి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఆవిడ తిరువూరులో కంప్యూటర్లు బాగుచేసేది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేదట. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మిషన్ మీద చెయ్యి వేసేది కాదు, ఊరికే చూస్తూ కూర్చునేది.

ఆ దసరా వెళ్ళాక మా కోడలి కంప్యూటర్ తనంతట తానే వెలిగి, అంతలోనే ఆరిపోయి, మళ్ళీ వెలగడం మొదలుపెట్టింది. తను టైపు చేసి గంపలగూడెంలో ఒక బడికి మర్నాడు ఇవ్వాల్సిన పరీక్ష పేపర్లన్నీ అందులోనే ఉన్నాయి. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. కబురు పెడితే ఆవిడ వెంటనే వచ్చింది.

"బోర్డు కాలిపోయిందంటారా అండీ?" అని కోడలు అడిగింది.

ఆవిడ నీళ్ళు తాగుతూనే, "పూజ గట్టిగానే చేసినట్టున్నారే! బొట్టు ఎక్కడ పెట్టారు?" అంది.

"ముందువైపు గుండ్రంగా ఉంది కదండీ, అక్కడే," అంది కోడలు.

"అది బటనమ్మా! గంధం సందుల్లోకి దిగి ఎండిపోయింది. నొక్కిన బటన్ పైకి రావట్లేదు. ఎవరో వేలు తియ్యకుండా నొక్కుతున్నారనుకుంటోంది పాపం."

ఆవిడ బటన్ ఊడదీసి, శుభ్రంగా తుడిచి పెట్టింది. మిషన్ వెలిగింది. ఈసారి ఆరలేదు. పేపర్లన్నీ భద్రంగా ఉన్నాయి. కోడలు కుర్చీలో కూలబడి నవ్వేసింది.

"అయితే ఇంక బొట్టే పెట్టకూడదా తల్లీ?" అన్నాను.

"నెత్తిన పెట్టండి పిన్నిగారూ. దేవుడికైనా ముక్కు మూసేస్తామా?"

మర్నాడు పొద్దున్న కోడలు పేపర్లు పట్టుకుని ఆటో ఎక్కింది. నేను దీపం పెట్టి, మిషన్ నెత్తిన బొట్టు పెట్టాను. చెయ్యి కడుక్కుని, పొడిగా తుడుచుకుని, అన్నాళ్ళూ ముట్టడానికే భయపడిన ఆ బటన్‌ను మొదటిసారి నేనే నొక్కాను.