నీలంగా వెలిగిన వేరు

నా చిన్నప్పుడు, కలకత్తాకు రైలు దూరంలోని ఝపటాపూర్‌లో మా కిరాణా కొట్టు వెనకే మా ఇల్లు ఉండేది. అక్కడినుంచి కొంచెం నడిస్తే తెల్లదొరల కాలంనాటి సమాధుల తోట. నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా ఆ రాళ్ళ పగుళ్ళలో బిళ్ళగన్నేరు ఏడాది పొడవునా పూసేది. మా చెల్లి ఆ పూలు కోసుకొచ్చి జడలో పెట్టుకునేది.

"మసానం పువ్వే అది. తలలో ఎట్టుకుంటే ఆళ్ళు ఎనకాలే వచ్చేస్తారు," అంటూ మా నాయనమ్మ లాగి పారేసేది.

ఆ ఎండాకాలం చెల్లికి జ్వరం పట్టుకుంది. తర్వాత చిగుళ్ళ నుంచి నెత్తురు. ఆ తర్వాత మోకాళ్ళ మీద, దెబ్బ తగలకుండానే, నీలం మచ్చలు. కలకత్తా ఆసుపత్రిలో రక్తానికొచ్చే క్యాన్సర్ అన్నారు. మొదటి ఇంజెక్షన్లు అయ్యి ఇంటికొచ్చాక దాని జుట్టు దువ్వెనతోపాటే ఊడి వచ్చింది. పువ్వు పెట్టుకున్న చోటే ముందు రాలిందని నాయనమ్మ ఏడ్చింది. అది నిజమో కాదో నేను చెప్పలేను గాని చెల్లి నమ్మింది. సమాధుల్లోవాళ్ళు తన జుట్టు పట్టుకుని లాగుతున్నారంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కలకత్తా రైలు ఎక్కాలి. అది మంచం కోడు పట్టుకుని, "నానెళ్ళను" అన్న మాట తప్ప మరొకటి మాట్లాడలేదు. ఇంజెక్షన్ ఆపితే ఏమవుతుందో నాన్న మాకు చెప్పలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

మా పక్కింటి అక్కది రాజమండ్రి వైపు. ఇక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థలో మొక్కల్లోని రసాయనాల మీద పరిశోధన చేసేది. చెల్లి రానంటోందని విని, ఆ మధ్యాహ్నం ఆమె ఒక బిళ్ళగన్నేరు మొక్కను వేరుతో సహా పెరికి మా కొట్లోకి తెచ్చి, అందర్నీ పిలిచి షట్టరు దించమంది. పట్టపగలే కొట్టు చీకటి గుయ్యారమైంది. వేరును బ్లేడుతో నిలువునా చీల్చి, దొంగనోట్లు పట్టుకోవడానికి నాన్న వాడే ఊదారంగు దీపం కింద పెట్టింది.

వేరు నీలంగా వెలిగింది. లోపల ఎవరో కళ్ళు తెరిచినట్టుంది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దూరంగా గూడ్సు పోతుంటే అరలోని డబ్బాలు సన్నగా మోగాయి.

"ఏటది? దెయ్యమా?" అంది చెల్లి.

"విషం తల్లీ," అంది అక్క. "మేకలు తినకుండా ఇది తయారుచేసుకున్న విషం. నీకు ఎక్కించే మందు దీని ఆకులోంచే వస్తుంది. ఈ వెలిగేది ఆ మందు కాదు, దానికి చుట్టం. బండెడు ఆకు నూరినా మందు చిటికెడు రాదు. త్వరత్వరగా పెరిగేదాన్ని అది పెరగనివ్వదు. నీ ఒంట్లో చెడ్డ కణాలు అలాంటివే. పాపం, జుట్టూ అలాంటిదే."

చెల్లి ఆ వెలుగు దగ్గరకు వేలు తీసుకెళ్ళి, ముట్టుకోకుండా ఆపింది.

"అయితే నా ఎనకాల వచ్చింది ఇదే కదా," అంది. "రానీ."

మర్నాడు రైలెక్కింది. నాయనమ్మ దాని తలకు రుమాలు కట్టి, ఆ ముడిలో తనే ఒక పువ్వు దోపింది.

ఇప్పుడు చెల్లి మా ఊళ్ళోనే, సుభాష్‌పల్లిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. నేను ఆ అక్క పనే చేస్తున్నాను. ఆ మందు అణువులో ఏ పరమాణువు ఎక్కడుందో కాగితం మీద గీసి చూపగలను. అది మనల్ని కాపాడాలని పుట్టలేదనీ, మనమెవరో దానికి తెలియదనీ కూడా తెలుసు. అయినా ప్రయోగశాలలో దీపాలార్పాక, ఊదారంగు వెలుగు కింద చీల్చిన వేరు నీలంగా మేలుకున్నప్పుడల్లా, నా వెనకాల ఎవరో వచ్చి నిలబడినట్టే ఉంటుంది. తిరిగి చూడను. రానీ, అనుకుంటాను.