సుద్దముక్కతో గీసిన భోజనాల గది

మా బాబాయి పోయాడని ఫోన్ చేసి చెబితే మీరు అడిగిన మొదటి మాట, "ఎవరి మనిషి?" అని. ఎలా పోయాడని కాదు, ఎప్పుడు తీసుకెళ్తున్నారని కాదు. ఎవరి మనిషి. పల్నాడు వాళ్లారా, నేను మిమ్మల్నే అంటున్నాను, పక్కకు చూడకండి.

ఆయన గుండె ఆగి పోయాడు. గుంటూరు ఆసుపత్రిలో, పట్టపగలు, కూతురు చెయ్యి పట్టుకుని ఉండగా. అందులో దాచిందేమీ లేదు. అయినా పాడె లేవకముందే రెండు కథలు బయల్దేరాయి. ఒక వర్గం వాళ్లు బెదిరిస్తే భయంతో గుండె ఆగిందని ఒకటి. రెండో వర్గం రహస్యాలు ఆయన దగ్గర ఉన్నాయని, ఇప్పుడు వాళ్లు ఊపిరి పీల్చుకున్నారని ఇంకొకటి. ఆయన వడ్రంగి. ఇళ్లల్లోకి భోజనాల బల్లలు, కుర్చీలు చేసేవాడు. ఆయన దగ్గరున్న రహస్యమల్లా మీ ఇంట్లో ఎవరు ఏ పక్కన కూర్చుని అన్నం తింటారన్నదే. అది ఇంత పెద్ద రహస్యం ఎప్పుడయిందో మీరే చెప్పాలి.

రక్తసంబంధం లేదు. మా నాన్న ఆయన్ని తమ్ముడూ అని పిలిచేవాడు గనక నాకు బాబాయి. నరసరావుపేటలో మా వీధి చివర ఆయన రేకుల షెడ్డు. అందులో అమ్మకానికి పెట్టిన బల్ల ఒక్కటీ ఉండేది కాదు. ఎవరైనా వచ్చి రెడీమేడ్‌గా ఏమున్నాయని అడిగితే బజారు వైపు చెయ్యి చూపించి మళ్లీ చిత్రిక పట్టుకునేవాడు. గది చూడకుండా బల్ల చెయ్యడు. టేపు పట్టుకుని మీ ఇంటికి వస్తాడు. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ రెక్క ఎంత లోపలికి వస్తుంది, ఫ్రిజ్ ఎక్కడ, చెయ్యి కడుక్కునే చోటెక్కడ, అన్నీ చూస్తాడు. షెడ్డుకు తిరిగొచ్చి, నేల ఊడ్చి, ఆ గదిని ఉన్నదున్నంత సైజులో సుద్దముక్కతో గీస్తాడు. గోడలు, తలుపు, కిటికీ, మధ్యలో బల్ల, చుట్టూ కుర్చీలు. ఆ గీతల్లో నాలుగుసార్లు తిరిగి, కుర్చీ వెనక్కి జరిపినట్టు నటించి, అప్పుడు కర్ర కోస్తాడు.

చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా సుద్ద తలుపులోంచే లోపలికి రావాలి. ఒకసారి ఏదో మాటల్లో ఉండి నేను నేరుగా నడిచి వెళ్లాను.

"గోడలోంచి వస్తన్నావు. తలుపు అటు పక్కనుంది, తిరిగి రా," అన్నాడు తలెత్తకుండానే.

నవ్వుతూ వెనక్కి వెళ్లి తలుపులోంచి వచ్చాను. ఆయన మాత్రం నవ్వలేదు.

పోయినవాళ్లను దేవుళ్లను చేసే అలవాటు నాకు లేదు. బాబాయి చెప్పిన రోజుకు బల్ల ఇచ్చిన పాపాన పోలేదు. మాట కరుకు. ఎవర్నీ నమ్మేవాడు కాదు. టింబర్ డిపో వాడు టేకని చెప్తే గీకి వాసన చూసేవాడు. కూతురు కర్ర అంచులు తీసే రౌటర్ మిషను కొంటే నెలల తరబడి దాని పక్కకు పోలేదు. నేను రాసిన వ్యాసాలు చదివించుకుని, "చదవటానికి బానే ఉంటది. కూర్చోటానికే ఎక్కడా వీలుగా లేదు," అనేవాడు. అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఇంటి యజమానుల మీద.

"ఎంతమంది తింటారని అడిగితే వచ్చే చుట్టాల్ని కూడా కలిపి చెప్తారు అబ్బాయ్. ఇంట్లో ఆడోళ్లని మాత్రం కలపరు," అని ఒకసారి అన్నాడు. ఆడవాళ్ల సమానత్వం మీద నేను రాసిన వ్యాసాలన్నిట్లో ఇంత పనికొచ్చే వాక్యం లేదు. ఒప్పుకుంటున్నాను.

ఇక మీరు దాచుకున్న సంగతికి వస్తాను. మన పల్నాడులో తలుపుకు వీపు పెట్టి కూర్చునే కుర్చీ ఎవరికీ వద్దు. ఊళ్లో కాస్త పలుకుబడి ఉన్న ఇల్లయితే మరీ. బల్లకు రెండు వైపులుంటాయి కదా, ఒక వైపు వాళ్ల వీపులు తలుపు వైపు ఉండక తప్పదు. అందుకని మగవాళ్లంతా గోడ పక్కకు సర్దుకుంటారు. అడిగితే వాస్తు అంటారు. అది వాస్తు కాదు, వెనకనుంచి ఎవడు వచ్చి నరుకుతాడోనన్న భయం. మీ తాతల కాలం నాటి కక్షలు మీ భోజనాల గదుల్లో ఇంకా సీటు చూసుకుని కూర్చుంటున్నాయి. బాబాయికి ఇది తెలుసు. అందుకే అలాంటి ఇళ్లకు గోడ వెంట ఒక పొడుగాటి బెంచీ చేసి, తలుపు వైపు మాత్రం కుర్చీలు పెట్టేవాడు.

వెల్దుర్తి వైపు ఒక ఊళ్లో పెద్దమనిషి కొత్త ఇల్లు కట్టుకుని బల్ల చేయమన్నాడు. నేను కూడా కారెక్కి వెళ్లాను, ఊరు చూద్దామని. గది కొలుస్తూ బాబాయి, తలుపు వైపు కుర్చీల్లో ఎవరు కూర్చుంటారని అడిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి తల్లి జవాబిచ్చింది.

"అటు పక్క మేం కూర్చుంటాంలే మేస్త్రీ. మా ఈపులు ఎవడిక్కావాలి?"

కోడళ్లు కిసుక్కున నవ్వారు. బాబాయి టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ గదిని షెడ్డులో గీశాడు. ఇంటి పెద్ద కూర్చునే చోటుకు చేతుల కుర్చీ కావాలన్నారు. అది మిగతావాటికంటే వెడల్పు, అందుకని అక్కడ ఇంటూ గుర్తు పెట్టాడు. అంతకు ముందే అదే ఊళ్లో, ఆ పెద్దమనిషికి పడని వర్గం ఇంటికి కూడా బాబాయే బల్ల చేసిచ్చాడు. దాచి చెయ్యలేదు, ట్రాలీ ఆటో మీద అందరూ చూస్తుండగా ఊరి మధ్యనుంచే వెళ్లింది. ఇది మనసులో పెట్టుకున్న పెద్దమనిషి అనుచరుడొకడు, కర్ర పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికని షెడ్డుకు వచ్చాడు. వాడి కంటికి నేల మీద ఏం కనిపించింది? తమ నాయకుడి గది. తలుపు, కిటికీ, నాయకుడు కూర్చునే చోట ఇంటూ మార్కు. రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడేట్టుగా. ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. సాయంత్రానికి అది గ్రూపుల్లో తిరిగింది, 'స్కెచ్ దొరికింది' అని.

మర్నాడు పోలీసులు బాబాయిని స్టేషనుకు పిలిపించారు. నేనూ వెళ్లి ఎస్సై బల్ల పక్కన నిలబడ్డాను. ఇంటూ ఎందుకు పెట్టావని అడిగారు. చేతుల కుర్చీ అండి, మోచేతులకు చోటు కావాలి అన్నాడు. తలుపెందుకు గీశావని అడిగారు.

"తలుపు లేకపోతే బల్ల లోపలికి ఎట్టా పోయిద్ది సార్?"

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు. పొద్దుగూకే వేళకు పంపించేశారు. కేసు లేదు. కేసు ఉంటే కొట్టేయించుకోవచ్చు, అనుమానాన్ని ఏ కోర్టులో కొట్టేయించుకోవాలి?

పెద్దమనిషి బల్ల వద్దన్నాడు. సరే, అతని భయం అతనిది అనుకుందాం. అవతలి వర్గం ఏం చేసింది? మన ఇంటి గీత కూడా వీడు అవతలోళ్లకి ఇచ్చే ఉంటాడని, బాబాయి చేసిన బల్లను పశువుల కొట్టంలో పడేసింది. ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకునే రెండు ఇళ్లు ఒక్క విషయంలో ఏకమయ్యాయి. రెండు ఇళ్లకూ అట్టపెట్టెల్లో షోరూం బల్లలు వచ్చాయి. వాటిలో ఒకటి వేశాక ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటోందని విన్నాను. సంతోషించాను, దాచను.

దీని గురించి రాద్దామని ఆ వారమే కూర్చున్నాను. బాబాయి రాయనివ్వలేదు.

"నా గురించి రాయమాక. రాస్తే నీ మనిషినంటారు," అన్నాడు.

అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు ఆయనకు అడ్డం చెప్పే వీలు లేదు.

తర్వాత పల్లెల ఆర్డర్లు రావడం ఆగిపోయింది. కాళ్లు ఊగే కుర్చీలకు రిపేర్లు, పేటలో తెలిసినవాళ్ల చిన్న పనులు మిగిలాయి. వద్దన్న బల్లను మాత్రం పూర్తి చేశాడు. ఇంకొకరికి అమ్మొచ్చుగా అంటే, పట్టిద్దిగాని ఇమడదు అన్నాడు. ఆ గదికని కోసిన కర్ర అట. పాలిష్ పెట్టి, పాత దుప్పటి కప్పి, షెడ్డు మూలన పెట్టాడు. మూర్ఖత్వమే. నేను ఆ మాట మొహాన్నే అన్నాను కూడా.

ఆయన గీసిన చివరి గది ముప్పాళ్లలో ఒక టీచరమ్మది. ఆమె ఇంటికి ఏ పార్టీ వాళ్లూ రారు కాబట్టి ధైర్యంగా పిలిచింది. ఆ గీతలు నేల మీద ఉండగానే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఆ గీతల మధ్యకే తీసుకొచ్చి పడుకోబెట్టాం. ఇల్లు ఇరుకు, ఇంకో చోటు లేదు. వచ్చినవాళ్లు గోడలు తొక్కుకుంటూ వచ్చి దండ వేసి, గోడలు తొక్కుకుంటూ వెళ్లారు. రెండు వర్గాల మనుషులూ వచ్చారు. రోడ్డుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు బండ్ల దగ్గర నిలబడి, అవతలివాడు లోపలికి వెళ్తాడేమోనని చూస్తూ, ఇద్దరూ వెళ్లకుండానే వెళ్లిపోయారు.

పదకొండో రోజు వీధి పెద్దలు కూతుర్ని కూర్చోబెట్టి, షెడ్డు మూసెయ్యమ్మా, కుట్టుమిషను పెట్టుకో అన్నారు. ఆమె డిగ్రీ అయినప్పటినుంచి తండ్రి పక్కనే కర్ర పని చేస్తోంది.

"నాకు సూదిలో దారం ఎక్కించటమే రాదు పెదనాన్నా," అంది.

పోయిన వారం మాచర్లనుంచి ఒక ఆర్డరు వచ్చింది. టేపు తీసుకుని ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. గేటు తీయలేదు. ఇక్కడే ఉండమ్మా, కొలతలు మేమే తీసి ఫోన్‌లో పంపిస్తాం అన్నారు. ఎండలో గేటు పట్టుకుని కాసేపు నిలబడి తిరిగొచ్చింది. నాతో ఈ సంగతి చెప్తున్నప్పుడు ఏడవలేదు, చేతిలో సుద్దముక్కను వేళ్లతో పొడి చేస్తూ కూర్చుంది.

"గది చూడనియ్యకపోతే ఇంక నేను చేసేది ఏంది అన్నయ్యా? వాళ్లు చెప్పిన సైజుకి చెక్క కోసి పంపటానికి షోరూములున్నయ్యిగా. ఇంకో రెండు గేట్లు ఇట్టాగే అయితే నేనే తాళం వేస్తా. వాళ్లు చెప్పక్కర్లా."

ఆమె మొండిది, అన్నదంటే వేస్తుంది. మీకు బాగా తెలిసిన తాళమే అది. ఎవరి మనిషో తేలని ప్రతివాడి గుమ్మానికీ మీరు వేసుకుంటూ వచ్చిందే. సానుభూతి నాకు అక్కర్లేదు. కావలసినవి ఇవి:

ఆ ఫోటో ఇంకా మీ ఫోన్లలో ఉంది. ఏ గ్రూపుల్లో పెట్టారో అదే గ్రూపుల్లో, అది కుర్చీ గుర్తని రాయండి.

వెల్దుర్తి వైపు పెద్దమనిషి తన బల్ల తీసుకెళ్లాలి. లేదా స్వయంగా వచ్చి, వద్దని ఆ అమ్మాయితో చెప్పాలి. మనుషుల్ని పంపకూడదు.

పశువుల కొట్టంలో ఉన్న బల్లను కడిగి ఇంట్లో వెయ్యండి.

షెడ్డు మూసెయ్యమని చెప్పడానికి ఇంకెవరూ రావద్దు.

తలుపు వైపు కుర్చీల్లో ఇవ్వాళ రాత్రి మగవాళ్లు కూర్చుని తినండి.

ఆమె కొలతలకు వస్తుంది. ఒక్కతే వస్తుంది. గేటు తీయండి.