సైదున్నీసా చూపించిన తరగతి

అరబ్బు దేశంలోని సత్వా పేటలో సైదున్నీసా కుట్టినంత బాగా జాకెట్టు ఎవరూ కుట్టరని పేరు. రాయచోటి మనిషి. భర్త అమీర్ జాన్ ఒక కంపెనీ గ్యారేజీలో మెకానిక్కు. వాళ్లది రెండు గదుల వాటా. ముందు గదిలో ఆమె మిషను. ఎనభైల మొదట్లో చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లంతా ఆ గదిలోకే వచ్చి కొలతలిచ్చి, కాసేపు కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుని వెళ్లేవాళ్లు.

ఆమెకు ఒక్కతే కూతురు, షంషాద్. చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి ఆ పిల్లకు వినికిడి చాలామటుకు పోయింది. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి అంతా పట్టుకునేది. మాట్లాడేవాళ్లు అటు తిరిగితే ఇక ఏమీ తెలిసేది కాదు.

మన దేశం పిల్లలు చదివే ఒక బడిలో షంషాద్‌ను వేశారు. పిల్లల తల్లిదండ్రులు ఎన్నుకునే కౌన్సిల్ ఆ బడిని నడిపేది. దాని కార్యదర్శి వెంకటరాజు భీమవరం వైపు నుంచి వచ్చినవాడు, పెద్ద ఉద్యోగి. బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టమనీ, పాఠం చెప్పేటప్పుడు టీచరు పిల్లవైపు తిరిగి చెప్పాలనీ సైదున్నీసా ఆయన్ను అడిగింది.

“అంతకన్నా మంచి ఏర్పాటే చేస్తున్నామమ్మా. మీ అమ్మాయికోసం ప్రత్యేక తరగతి పెడుతున్నాం” అన్నాడాయన.

ఆ సంతోషంలో ఆమె ఆయన ఇంటికి గిన్నెడు షీర్ ఖుర్మా పాయసం పంపింది.

ఒకరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని మధ్యాహ్నం బడికి వెళ్తే, షంషాద్ తరగతిలో లేదు. ఆయా వరండా చివర గది చూపించింది. హాకీ కర్రలు, చిరిగిన వాలీబాల్ వలలు, కాళ్లు విరిగిన కుర్చీల మధ్య చిన్న స్టూలు మీద కూర్చుని పిల్ల రంగులు వేసుకుంటోంది. ఏనుగు బొమ్మ మీద దిద్ది దిద్ది కాగితం చిల్లు పడింది. గదిలో ఇంకెవరూ లేరు.

“టీచరమ్మ ఏదమ్మా?” అంది సైదున్నీసా, పిల్ల ఎదురుగా వంగి.

“పొద్దున బొమ్మ ఇచ్చి పోయింది అమ్మీ. రోజూ అంతే.”

సైదున్నీసా నేరుగా కౌన్సిల్ గదికి వెళ్లింది. వెంకటరాజు, మరి కొందరు సభ్యులు టీ తాగుతున్నారు.

“సార్, నా బిడ్డకు చెవులు సరిగా ఇనపడవు గానీ బుర్ర బాగనే ఉండాది. సామాన్ల గదిలో ఎందుకు పెట్టినారు?”

“అదే ప్రత్యేక తరగతమ్మా. తెలివిలేని పిల్లని మిగతావాళ్లతో కూర్చోబెడితే అందరి చదువూ పాడైపోద్ది. ఇష్టం లేకపోతే ఊరికి పంపేసుకోండి.”

మిగతావాళ్లు టీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఆమె ఆ తర్వాతా వెళ్లి మొరపెట్టుకుంది. వెళ్లినప్పుడల్లా చూస్తామన్నారు. పిల్లను మాత్రం ఆ గదిలోంచి కదిలించలేదు.

“ఇడ్సిపెట్టు సైదా” అన్నాడు అమీర్ జాన్. “వాళ్లు పెద్దోళ్లు. మనల్ని పనికి పిలిపించుకున్న కఫీల్ చెవిన ఏమన్నా ఏసినారంటే వీసా గతేంది?”

“నేను ఇడ్సిపెట్టను. తెలివిలేనిది అన్యాడే, ఆయప్ప నలుగుర్లో తలొంచుకునేది నా కండ్లతో చూడాల.”

అంతలో వెంకటరాజు భార్య గంగాభవాని ధర్మవరం పట్టుగుడ్డ తెచ్చింది. బడి వార్షిక సమావేశానికి జాకెట్టు కావాలంది. ఆమె వెళ్లాక సైదున్నీసా ఆ పట్టు మీద కత్తెర పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. ముక్కలు ముక్కలు చేసేయాలని చేతులు లాగాయి. కానీ పాడైన జాకెట్టు వేసుకుని ఎవరూ సమావేశానికి రారు. గంగాభవాని రావాలి, ముందు వరసలో కూర్చోవాలి, చూడాలి. అందుకని ఎన్నడూ లేనంత శ్రద్ధగా కుట్టింది.

మిగతా ఆడవాళ్లకు మాత్రం, కొలతలు తీసుకుంటూనే ఆ గది గురించి చెప్పింది. “ఈసారి మొగోళ్లను పంపించి ఊరుకోవద్దక్కా. మీరే రాండి” అని ఒక్కొక్కరి దగ్గరా మాట తీసుకుంది.

సమావేశం శుక్రవారం. హాలులో సగం ఆడవాళ్లే ఉండటం చూసి వెంకటరాజు ముచ్చటపడ్డాడు. నివేదిక చదువుతూ, “వెనకబడిన పిల్లలకోసం ప్రత్యేక తరగతి నెలకొల్పాం” అన్నాడు. చప్పట్లు కొట్టారు. సైదున్నీసా లేచింది.

“ఆ తరగతి మాకు చూపించండి సార్.”

“తర్వాత చూద్దురుగాని, కూర్చోండమ్మా.”

ఆమె కూర్చోలేదు. నడిచింది. ఆడవాళ్లంతా లేచి ఆమె వెనక నడిచారు, మగవాళ్లు వాళ్ల వెనక. వెంకటరాజు అడ్డుపడేలోపే తలుపు తెరుచుకుంది. కర్రలు, వలలు, స్టూలు, గోడకు అంటించిన ఏనుగులు.

“కూర్చోండి సార్” అంది సైదున్నీసా, స్టూలు చూపించి. “మీరు పెట్టిన తరగతే కదా.”

“ఏంటిది! మర్యాదగా ఉండండి!” అని ఆయన కేకలేశాడు. సాయం కోసం భార్యవైపు చూశాడు.

గంగాభవాని ముఖం ఎర్రబడింది. “కూర్చోండి” అంది.

ఆయన కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. తలుపు దగ్గర నిలబడి సైదున్నీసా ఆయన్ను తనివితీరా చూసింది. జాలి కలుగుతుందేమోనని అనుకుందట, కలగలేదట.

ఆ సాయంత్రమే జరిగిన కౌన్సిల్ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. కొత్త కౌన్సిల్ షంషాద్‌ను ముందు బెంచీకి మార్చింది. టీచర్లు ఆమెవైపు తిరిగి చెప్పాలని తీర్మానించింది.

కొన్నాళ్లకు గంగాభవాని, క్షమాపణ చెప్పించడానికి భర్తను వెంటబెట్టుకుని సైదున్నీసా ఇంటికి వచ్చింది. సైదున్నీసా ఆయనకు కుర్చీ వేయలేదు.

“నాకు కాదు. నా బిడ్డకు చెప్పండి.”

వెంకటరాజు షంషాద్ ఎదుట నిలబడి, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు.

“ఇనపడలా. మళ్లీ చెప్పండి” అంది సైదున్నీసా. మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పించింది.

వాళ్లు వెళ్లాక షంషాద్ తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మీ, ఆయన ఫస్టు చెప్పినప్పుడే నాకు తెలిసింది కదా.”

“తెలుసు” అని సైదున్నీసా మిషను ముందు కూర్చుంది.

షంషాద్ ఆ బడిలోనే పదో తరగతి పాసైంది. గంగాభవాని జాకెట్లు సైదున్నీసాయే కుట్టేది. వెంకటరాజు ఎదురుపడితే మాత్రం సలాముకు బదులిచ్చేది కాదు.