సువార్తమ్మను ఎండలో కూర్చోబెట్టిన క్రిస్మస్

ఈ ఉదయం పక్కింటివాళ్లు క్రిస్మస్ కోసం వెనక గోడకు సున్నం వేస్తున్నారు. తడి సున్నం ఘాటు కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి చేతిలో చాయ్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "ఇప్పుడు సున్నం ఎవరేస్తరత్తా, అందరు డబ్బాల రంగులే" అని మా కోడలు నవ్వింది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఒక్క మనిషే గుర్తుకొస్తుంది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే తోవలో, ఒక రాళ్లగుట్ట కింద ఉన్న చిన్న మిషన్ దవాఖానలో నర్సుగా పనిచేసిన సువార్తమ్మ. నేను ముప్పై ఏళ్లు సర్కారు నర్సుగా ఊళ్లు తిరిగి రిటైరయ్యాను. ఆమె తారసపడకపోతే గొర్రెల దొడ్డి దాటి ఇవతలికి వచ్చేదాన్నే కాదు.

మాది కురుమల ఇల్లు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు రజాకార్లు మా ఊరి మీద పడ్డారు. మందలో సగం తోలుకుపోయారు, గడ్డివాములు తగలబెట్టారు. ఆ వారంలోనే నా భర్త మల్లయ్య నైజాం మీద పోరాడే సంఘంవాళ్లతో వెళ్లిపోయాడు. అప్పటికి నేను నిండు చూలాలిని. వానాకాలం చివర మిలట్రీ వచ్చింది, నైజాం రాజ్యం పోయింది, ఊళ్లో జెండాలు కట్టారు. కానీ సంఘంలో తిరిగినవాళ్లు ఇళ్లకు రాలేదు. వాళ్లను పట్టుకోవడానికి ఊరూరా క్యాంపులు పెట్టారు. మల్లయ్య కృష్ణ ఒడ్డున కాల్పుల్లో పోయాడని ఒకరన్నారు, అడవిలో ఉన్నాడని ఇంకొకరన్నారు. ఎవరు వచ్చి ఏ మాట చెప్పినా ఆ రోజుకు నాకు అన్నం ఉండేది కాదు. ఒళ్లోని ఆడపిల్లకు నాలుగు నెలలు. చలికాలం మొదలయ్యేసరికి నా పాలు ఎండిపోయాయి. మా అత్త మేకపాలు పట్టింది, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇక లాభం లేదని పిల్లను చంకనేసుకుని మిషన్ దవాఖానకు నడిచాను.

సువార్తమ్మ పొట్టి మనిషి. నల్లటి మొహం, తెల్ల చీర, బొడ్లో దోపిన కొంగు. పిల్ల కళ్లూ నాలుకా చూసింది, కడుపు నొక్కింది, ఉప్పేసిన గంజితేట చెంచాతో కొద్దికొద్దిగా పట్టమని చేసి చూపించింది. ఆ తరువాత నా వైపు తిరిగింది.

"పొద్దున ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలే."

"నిన్న?"

నేను పిల్ల ఒంటి మీది గుడ్డ సర్దాను.

"పిల్లకు రెండు రోజుల్ల నయమైతది. అసలు రోగం నీకున్నది."

"నాకేం రోగం లేదమ్మా."

"తినవు, పండవు, గాలికి తిరగవు. మరి దీన్నేమంటరు? క్రిస్మస్ పండుగ దాక ఈడ్నే ఉండు."

నేను తటపటాయిస్తున్నది ఎందుకో ఆమెకు అర్థమైంది. వాళ్ల పొయ్యి మీద వండింది తింటే మా అత్త నన్ను ఇంట్లోకి రానివ్వదేమోనని నా భయం. ఆమె లేచి లోపలికి వెళ్లింది. కొత్త కుండ, కొంత జొన్నపిండి, పప్పు తెచ్చి వరండా చివర పెట్టి, "నీ వంట నువ్వే చేస్కో. కడుపుల పడితే సాలు" అంది. పది రోజులు వేరే వండుకున్నాను. పదకొండో రోజు నా కుండ నేనే కడిగి బోర్లించి, వెళ్లి అందరి పక్కన కూర్చున్నాను. ఆమె రొట్టె నా వైపు జరిపింది.

ఆమె వైద్యంలో మందుల కంటే రోజును ఒక వరసలో పెట్టడమే ఎక్కువ. తెల్లారగానే పిల్లను వీపుకు కట్టుకుని గుట్ట దాకా నడిచి రావాలి. వచ్చి వేడిగా తినాలి. పగలు దవాఖాన పని. పొద్దుగూకక ముందే రాత్రి తిండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోవాలి. అన్నీ ఒప్పుకున్నాను కానీ, "ఫికర్ చెయ్యకుండ ఎట్లుంటనమ్మా?" అని అడిగాను.

"చెయ్యొద్దని నేనంటలేను. వద్దంటే అది ఆగదు గూడ. దానికో యాళ పెడదాం. పగటన్నం తిన్నంక గా యాపచెట్టు కింద కూసో. ఎంత భయమున్నదో అంత చెప్పు, ఎంత ఏడ్పొస్తే అంత ఏడువు. నేను పక్కన్నే ఉంట. మిగతా యాళల భయమొస్తే, పగటికి రా పో అని చెప్పు దానికి."

మొదట్లో పిచ్చిగా అనిపించింది. రోజూ పగలు ఆమె నా పక్కన కూర్చుని, దూదిని ఉండలు చుడుతూ, నేను చెప్పిందే చెప్తుంటే వినేది. ఓదార్చేది కాదు. వారం గడిచేసరికి చెప్పడానికి కొత్త భయాలు మిగల్లేదు. ఇంకో వారానికి పిల్ల ఏడుపు వినగానే రవిక తడిసింది. పరిగెత్తుకుంటూ వెళ్లి ఆమెకు చూపించాను. "చూసిన, చూసిన. పోయి కూసొని పట్టు. ఉరుకకు" అంది. అప్పుడే మందు సీసాల మీది చీటీలు చూపిస్తూ నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నేను మొట్టమొదట చదివిన తెలుగు మాట 'విషము'. ముట్టకూడనిది ముందు తెలియాలని ఆమె లెక్క.

అట్లా క్రిస్మస్ నెల వచ్చింది. భయంతో రెండేళ్లు సరిగా పండుగ చేసుకోలేదట. ఈసారి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా వస్తారని పాస్టరు గారి భార్య పెద్ద ఎత్తున తలపెట్టింది. ఆమెను అందరూ పాస్టరమ్మ అనేవారు. మంచి మనిషి, చేతికి ఎముక లేదు. మూడు రోజుల పిండివంటలు, నేతి భోజనం, రాత్రంతా భజన అని చెప్తుంటే అక్కడున్న ఆడవాళ్ల మొహాలు వెలిగిపోయాయి. సువార్తమ్మ ఒక్కతే తల అడ్డంగా ఊపింది.

"ఇన్ని కష్టాలు పడ్డరు. ఒక్క దినమన్న కడుపునిండ తీపి పెడదామంటే వద్దంటవేంది సువార్తమ్మా?" అని పాస్టరమ్మ నొచ్చుకుంది.

"పెట్టొద్దంటలేను. ఆర్నెల్ల సంది అంబలి తాగిన కడుపులు గవి. ఒక్కపారే నెయ్యిల ముంచితే మరునాడు అందరు నా వరండల పంటరు. గీ వండేటోళ్లను జూడు. పొయ్యి కాడ మూడు దినాలు కూసుంటే పండుగనాడు పాట పాడే ఓపిక ఎవలకుంటది? మూడేండ్ల కింద పండుగకు నీ కాళ్లు ఎంత వాసినయో యాదికి లేదా?"

చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి జొన్నరొట్టె, పప్పు, కొద్దిగా మాంసం, మనిషికొక అరిసె అని తేలింది. పొద్దుగూకితే పొయ్యి ఆర్పాలి. పగలు అన్నం తిన్నాక వండేవాళ్లంతా కాసేపు నడుం వాల్చాలి. ఆరాధన పగటిపూటే. పాస్టరమ్మ రెండు రోజులు సువార్తమ్మతో మాట్లాడలేదు. పండుగ దాటిన మూడో రోజు మాత్రం దవాఖానకు వచ్చి, చీర కొంచెం పైకెత్తి పాదాలు చూపించి, "ఈయేడు వాయలే" అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది.

ఇన్ని చెప్పిన మనిషి తన సంగతి మాత్రం దాచింది. కొన్నాళ్లుగా వేపచెట్టు కింద నా మాటలు వినడం అయిపోగానే సంచి పట్టుకుని, "జర పనున్నది" అని వెళ్లేది. సాయంత్రం దుమ్ము కొట్టుకుపోయి తిరిగి వచ్చేది. ఎవరింట్లోనో బాలింత ఉందనుకున్నాను. పండుగ ఇంకా నాలుగు రోజులుందనగా ఒక ఉదయం, మరిగిన నీళ్లలోంచి సూదులు తీస్తూ తీస్తూ ఆమె పళ్లెం వదిలేసింది. గోడ పట్టుకుని మెల్లగా నేల మీదికి జారింది. మొహం చెమటతో తడిసి ఉంది, చెయ్యి చల్లగా తగిలింది. ఆమె నేర్పినట్టే నాడి పట్టుకుని చూశాను. పిట్ట గుండెలా కొట్టుకుంటోంది.

"అమ్మా, పొద్దున ఏం తిన్నవ్?"

ఆమె నా వైపు చూసి కళ్లు దించుకుంది. నిన్న రాత్రీ తినలేదని వంటమనిషి చెప్పింది.

ఆవరణలో ఎండ పడేచోట నులకమంచం వేసి ఆమెను పడుకోబెట్టాను. మా ఇంటి నుంచి తెచ్చుకున్న గొంగడి కప్పాను. బెల్లం కలిపిన వేడినీళ్లు తాగించి, మెత్తగా వండిన జావ పట్టాను. కాస్త తేరుకోగానే లేవబోయింది.

"బయట ఏడుగురు కూసున్నరు లచ్చవ్వా."

"నాకు తెల్సిన మందులు నేనిస్త. తెల్వనియి వచ్చి నిన్నడుగుత. నువ్వు లేసినవంటే నేను మా ఊరికి పోత."

అంత మాట ఎట్లా అనగలిగానో నాకే తెలియదు. ఆమె మళ్లీ తల వాల్చింది. ఆ పూట ఏడుగురికీ నేనే చూశాను. మూడుసార్లు సీసా తీసుకెళ్లి ఆమెకు చూపించి ఇచ్చాను. ఒక్కటీ తప్పు పోలేదు.

పగలు ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పింది. రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దూరంలోని మిలట్రీ క్యాంపులో పట్టుకొచ్చినవాళ్లను ఉంచారు. వాళ్ల గాయాలకు కట్లు కడతానని అక్కడి అధికారిని అడిగి, రోజూ నడిచి వెళ్తోందట. కట్టు కట్టిన ప్రతి మనిషినీ మా ఊరి పేరు, మల్లయ్య పేరు చెప్పి అడిగిందట. నిన్న ఒకతను చెప్పాడు. మల్లయ్య తొడకు తూటా రాసుకుపోయింది, దసరా దాటాక దొరికాడు, గాయం మానింది, జైల్లో ఉన్నాడు. అతనూ మల్లయ్యా జైల్లో ఒకే గదిలో నెల రోజులు ఉన్నారట.

"నీకు పుట్టిన బిడ్డ ఆడా మొగా అని అందరినడిగెటోడట" అంది.

ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో గుర్తులేదు. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. "ఆడికి పోతున్నవని ముందుగాలనే నాకెందుకు చెప్పలే? నాకోసం నీ పానం మీదికి తెచ్చుకుంటవా?" అన్నాను.

"కండ్లార చూసినోడు దొరకక ముందు చెప్తే, రోజు నా మొఖం జూస్కుంట కూసుంటవ్. పాలు మల్ల ఎండిపోతయి." గొంగడి అంచు సర్దుకుంది. "పానం సంగతైతే తప్పు నాదే. ఊరందరికి చెప్పిన, నాకు చెప్పుకోలే. తిననీకె యాళ లేదనుకున్న. యాళ ఉండె. కూసుంటే పాపమనిపించింది."

పండుగ రోజు ఆమె గుడిలోకి రాలేదు, నేను రానివ్వలేదు. మంచం మీద దిండుకు ఆనుకుని ఎండలో కూర్చుంది. పాస్టరు గారే ఆరాధనను బయటికి మార్చారు. తెల్లగా సున్నం వేసిన గోడ ముందు పిల్లలు వరసగా నిలబడి పాడారు. వెదురుబద్దలకు పాత చీరముక్కలు అంటించి చేసిన నక్షత్రం వాళ్ల తలల మీద ఊగుతోంది. నా కూతురు ఆమె ఒళ్లో కూర్చుని గొంగడి అంచు నములుతోంది. రెండేళ్ల తరువాత జనం భయం లేకుండా ఒకచోట కూడి, కూర్చుని తిన్నారు. ఎవరూ ఆదరాబాదరా పడలేదు. పొద్దుండగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. మరునాడు దవాఖాన వరండాలో ఒకే ఒక్క ముసలాయన కనిపించాడు. తన అరిసెతో పాటు భార్య అరిసె కూడా తిన్నాడట. మంచం మీది నుంచే సువార్తమ్మ ఆయనకు వాము నమలమని చెప్పి, చాలాసేపు నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

మల్లయ్య ఏడాదిన్నర తరువాత విడుదలై వచ్చాడు. కొంచెం కుంటుతూ నడిచేవాడు, కానీ మందను మళ్లీ పెంచాడు. నేను నర్సు చదువుకు వెళ్తానంటే మా అత్త నెల రోజులు మూతి ముడుచుకుంది. మల్లయ్య మాత్రం, "మన బిడ్డను బతికించిన పని గద, నేర్చుకోనీ" అన్నాడు. మిషన్ ఆసుపత్రికి ఉత్తరం రాసి నన్ను పంపింది సువార్తమ్మే. ఆమెను చివరిసారి దేవరకొండలో తన మేనకోడలి ఇంట్లో చూశాను. బాగా ముసలిదైంది. సర్కారు నర్సు చీరలో ఉన్న నన్ను తడిమి చూసి, సంతోషపడి, ఆ వెంటనే, "నడుస్తున్నవా, బండ్ల మీదనే తిరుగుతున్నవా?" అని గదమాయించింది. ఆ చలికాలంలోనే నిద్రలో పోయింది.

అమ్రాబాద్ అడవి పల్లెల నుంచి రామన్నపేట దాకా ఎన్నో ఊళ్లలో పనిచేశాను. అందరి పండుగలూ చూశాను. పండుగ ఏదైనా, అది దాటిన వారం రోజులు దవాఖానకు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. నడుము నొప్పి, కడుపులో మంట, నిద్ర లేదు, ఊరికే ఏడుపు వస్తోందని చెప్పేవారు. బల్ల మీద కూర్చోబెట్టి వాళ్లు చెప్పేదంతా వినేదాన్ని. వాళ్లకు చెప్పడం నాకెప్పుడూ కష్టం కాలేదు. నాకు నేను చెప్పుకోవడమే చాలా ఏళ్లు పట్టింది. కాన్పులు వరసగా వచ్చిన రోజుల్లో కాసేపు కూర్చుంటే ఎవరి సొత్తో దొంగిలించినట్టు ఉండేది. అప్పుడు నేల మీదికి జారుతున్న ఆమె మొహం గుర్తుకొచ్చేది. చేతులు కడుక్కుని, ఒక గిన్నెలో అన్నం కలుపుకుని, గడప మీద కూర్చుని తినేదాన్ని. లోపలి నుంచి ఎవరైనా పిలిస్తే, "తింటున్న, వస్త" అని చెప్పేదాన్ని. ఆ రెండు మాటలు బెదరకుండా అనడం నాకు నలభై దాటాకే వచ్చింది. ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతున్నాను, గొంతు తగ్గించకుండానే అంటున్నాను.