అక్క అడిగే ప్రశ్నలు

రెండో అంతస్తు మలుపులో అక్క ఆగింది. చేతిలో కూరల సంచి.

"తర్వాత? ఆ గోడగడియారం ఆవిడ ఏమందిరా?"

తమ్ముడికి అంతకంటే ఏం కావాలి. గడియారాలు బాగుచేసేవాడు, పగలంతా నోరు కుట్టేసుకుని కూర్చుంటాడు. అక్క కనిపిస్తేగానీ నోరు తెరవడు, తెరిస్తే మూయడు. ఆవిడ గొంతుతో సహా చెప్పుకొచ్చాడు. అక్క రెయిలింగు పట్టుకుని వింది, నవ్వింది. మిగతా మెట్లు ఎక్కారు. తెల్లవారేసరికి ఆమె లేదు.

ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో, గుండె పరీక్ష గదిలో ఆమె ఉద్యోగం. ట్రెడ్‌మిల్ మీద మనిషిని నడిపిస్తూ, ఆరు నుంచి ఇరవై దాకా అంకెలున్న అట్ట చూపించేది. ఆరంటే కుర్చీలో కూర్చున్నంత సుఖం, ఇరవై అంటే ఇక నావల్ల కాదని.

"మీకెంత కష్టంగా ఉందో వేలుపెట్టి చూపించండి. మీ ఆవిడ వైపు చూడకండి, నడిచేది మీరు."

దిగాక ఇంకో ప్రశ్న: "నడుస్తున్నంతసేపూ ధ్యాస ఎక్కడుంది? కాళ్ళ మీదా, ఊపిరి మీదా?" స్టవ్ కట్టేశానా లేదా అన్నదాని మీదే ఉందన్నారట ఒక పెద్దాయన. అదీ రాసుకుంది.

కిందటేడు, అక్కాతమ్ముళ్ళుండే ఆ మేడలోనే కింది వాటా ఖాళీ అయింది.

"మూడంతస్తులక్కా. నీకెంత?" అన్నాడు తమ్ముడు.

"పదకొండు. తేలిక."

"నిజం చెప్పు."

"నా అట్ట నాకే చూపిస్తావేంట్రా? కింద పట్టపగలే లైటు వేసుకోవాలి. ఆవగింజంత స్క్రూలు ఏ కళ్ళతో వెతుకుతావు?"

పైన కిటికీ వెలుగు అతని బల్ల నిండా పరుచుకునేది. కింది వాటాలోకి వేరేవాళ్ళు దిగారు.

ఆమె పోయిన నెలకి, ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి ఆ అట్ట తెచ్చింది. గుమ్మంలో నిలబడి, "ఈ గడియారాలన్నీ మీవేనా బాబాయ్?" అంది. అతను ఒక్కోదాని కథా చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వేసింది.

"హమ్మయ్య, ఊపిరొచ్చింది. ఈ కిటుకు మేడమ్ చెప్పిందే. అంకె ఒక్కటే నమ్మకండర్రా, మనిషి మాట్లాడే తీరు వినండి అనేవారు. ఆయాసం దాచుకునేవాళ్ళు ప్రశ్నలడుగుతారట. అవతలివాళ్ళు జవాబు చెప్పేలోపు ఊపిరి తీసుకుంటారట."

అక్క మెట్ల మలుపులో అడిగిన గోడగడియారం ఆవిడ సంగతి, తను ఆమెకి అంతకు ముందురోజే మొత్తం చెప్పేశాడని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.