పెన్సిల్ గొంతు

మా స్టూడియోలో అతన్ని పెన్సిల్ అంటారు. సొంత పేరు ఒకటి ఉంది, హాజరు పుస్తకంలో రాసుకుంటాం కూడా, కానీ ఆ పేరుతో పిలిస్తే అతనే తల తిప్పడు. ఇరవై రెండేళ్ళ క్రితం అతను మొదటిసారి గొంతిచ్చిన సినిమాలో కుర్రాడికి తోటిపిల్లలు పెట్టిన పేరది. బక్కగా, పొడుగ్గా, పెద్ద కళ్ళద్దాలతో, బడిలో ఎవరికీ అక్కర్లేని కుర్రాడు. సినిమా ఆడింది, పేరు అతుక్కుంది. ఇప్పుడు మావాడికి నలభై అయిదేళ్ళు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, అయినా పెన్సిలే.

నేను అక్కడ సౌండ్ ఇంజినీర్ని. గాజు గోడకి ఇవతల నేను, అవతల మైకు ముందు వాళ్ళు. పరాయి భాష సినిమాల చేత మన భాష మాట్లాడించడం మా పని. అందులోనూ మాకు వచ్చేవన్నీ హైస్కూలు కామెడీలే. ఎప్పుడో ఒకటి బాగా చేశామని పేరొచ్చింది, ఆ పాపానికి అవే తెచ్చి మా నెత్తిన పోస్తున్నారు. నాకు ఆ సినిమాలంటే ఒళ్ళు మంట. అన్నీ ఒకటే. పొడుగాటి నడవా, గోడ వారన ఇనప అల్మరాలు, గంట మోగగానే తోసుకుంటూ పిల్లలు. భోజనాల గదిలో ఒకడు పళ్ళెం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతాడు. కూరలో కరివేపాకు. వాడికి ఒక అందగత్తె మీద మనసు. ఆ అమ్మాయికి బంతాట ఆడేవాడి మీద మనసు. ఆఖర్న ఒక డాన్సు. హాలు గుమ్మం బయట ఈ వెర్రివాడు ఆ పిల్లతో మనసులో మాట చెప్తాడు. ఆ పిల్ల "నువ్వు చాలా మంచివాడివి" అంటుంది. అంటే ఇక ఇంటికి పొమ్మని అర్థం. జనం నవ్వుతారు.

ఆ వెర్రివాడి గొంతు ప్రతిసారీ మా పెన్సిల్‌దే. దానికొక కిటుకుంది. గడ్డం ఛాతీకి ఆనించి మాట్లాడతాడు. గొంతు ఇరుకై, మాట మధ్యలో జారి కీచుమంటుంది. మీసాలు రాబోయే వయసులో గొంతు పగులుతుంది చూడండి, అచ్చం ఆ కీచు. అది వింటే ఎవరికైనా నవ్వాగదు. పదేళ్ళు విన్నాక నాకు నవ్వు రావడం మానేసింది.

అందగత్తె గొంతు టీచరమ్మది. ఆవిడా టీచరు కాదు. ఎదుటివాళ్ళు ఏ మాట పలికినా సరిదిద్దకుండా ఉండలేదు కనక ఆ పేరు. గేటు దగ్గర వాచ్‌మన్ పలకరిస్తే, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పి మరీ లోపలికొచ్చే మనిషి. నలభై మూడేళ్ళు. పెళ్ళి ముచ్చట రెండేళ్ళలో తీరిపోయింది. ఆ సంగతి కూడా ఎవరి గురించో చెప్పినట్టు చెప్పేస్తుంది. మైకు ముందు నిలబడితే మటుకు పదహారు దాటదు.

మొదట్లో ఇద్దరూ ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడి చెప్పేవారు. తర్వాత పద్ధతి మారింది. ఎవరి మాటలు వాళ్ళు వేరుగా వచ్చి చెప్పిపోవడమే. ఆవిడ పొద్దున్నే వచ్చి తన భాగం చెప్పి వెళ్ళేది. పెన్సిల్ మధ్యాహ్నం వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ గొంతుకి జవాబిచ్చేవాడు. నడవాలో ఎప్పుడైనా ఎదురైతే "బాగున్నారా మేడమ్" అంటే "బాగున్నాను పెన్సిల్ గారూ" అనడం, అంతే. పదకొండేళ్ళు అలా గడిచాయి.

మధ్యాహ్నం దాకా అతనికి వేరే ఉద్యోగం. ఆస్పత్రిలో పరీక్షల రిపోర్టులిచ్చే కౌంటరు. మా అత్తగారి రిపోర్టు కోసం ఒకసారి వెళ్ళాను. గాజుకి గుండ్రటి చిన్న కంత, వెనక అరల్లో వరసగా కవర్లు. ఆ కంతలోంచి "టోకెన్ నలభై ఒకటి, టోకెన్ నలభై రెండు" అని పిలుస్తున్నాడు. ఎత్తూ పల్లం లేని గొంతు. అది అతని సొంత గొంతని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. రిపోర్టులో ఏముందో తెలిసినా ముఖంలో తెలియనివ్వకూడదని అక్కడ నియమమట.

"మొదట్లో కష్టంగా ఉండేదండీ. ఇప్పుడు దాచుకోవడానికి లోపల ఏమీ ఉండట్లేదు" అన్నాడు. బాధపడుతూ అనలేదు. ఇవాళ వాన లేదు అన్నట్టు అన్నాడు.

ఉండేది అక్కాబావల ఇంట్లో, వెనక గదిలో. మంచం, ఒక కుర్చీ, కుర్చీ మీద మడతపెట్టిన చొక్కాలు. మేనకోడలు స్నేహితురాళ్ళని తీసుకొస్తే "మావయ్యా, ఒక్కసారి పెన్సిల్‌లా మాట్లాడవా" అంటుంది. అన్నం తింటున్నా సరే, గడ్డం ఆనించి రెండు ముక్కలు చెప్తాడు. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అతను మళ్ళీ పళ్ళెం వైపు తిరుగుతాడు. వాళ్ళక్క ఒకసారి స్టూడియోకి వచ్చినప్పుడు "మా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషండీ" అంది. ఆ నాలుక మీదే బతుకుతున్నాడమ్మా అనబోయాను. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను.

ఈ ఏడాది టీచరమ్మ గొంతు మొరాయించింది. పై స్థాయి అందట్లేదు. బలవంతం చేస్తే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. దూరపు ఊళ్ళో చెల్లెలికి కుట్టుమిషన్ల దుకాణం ఉంది, అక్కడికి వెళ్ళి సాయంగా ఉంటానంది. చేతిలో ఉన్న సినిమా శనివారంతో ఆఖరు, ఆదివారం ప్రయాణం.

ఆ కబురు పెన్సిల్‌కి నేనే చెప్పాను. టీ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు, నోటిదాకా ఎత్తనూ లేదు.

"శనివారమా?" అన్నాడు.

"శనివారమే."

"అయితే ఆ రోజు చెప్పేస్తానండీ."

"ఏం చెప్తావయ్యా?"

కప్పు బల్ల మీద పెట్టాడు. తర్వాత టోకెన్లు పిలిచినట్టే చెప్పాడు. టీచరమ్మంటే ఇష్టమట. మొదటి సినిమా నుంచీ అట.

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఇరవై రెండేళ్ళు ఏం చేశావు? గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతూ కూర్చున్నావా?"

"చెప్తూనే ఉన్నాను కదండీ. ఏడాదికి రెండు మూడు సార్లు మీ ముందే చెప్పాను. ఎవడి నోట్లోంచో పోయేది, అయినా చెప్పేసినట్టే ఉండేది. ఇంటికెళ్తే ఆకలేసేది, నిద్ర పట్టేది. ఎప్పుడో మధ్యలో, అసలా ఇష్టం ఉందో పోయిందో కూడా తెలియకుండా అయిపోయింది."

"మరి ఇప్పుడెందుకు చెప్పడం?"

"నా గొంతుతో ఒక్కసారి చెప్తే తెలుస్తుందేమోనని. ఆవిడ కాదన్నా ఫర్వాలేదు. లోపల ఏమన్నా మిగిలిందా లేదా, తాడో పేడో తేలాలండీ."

ఔననిపించుకోవాలన్న ఆశ కూడా కాదు. తన లోపల మనిషి ఉన్నాడో లేదో తడిమి చూసుకోవాలి, అంతే. నాకు జాలేసింది. అందుకే అబద్ధమాడాను. పనులు పంచే కోఆర్డినేటరు దగ్గరికి వెళ్ళి, ఆఖరి సన్నివేశంలో రెండు గొంతులూ వేరుగా తీస్తే అతకవు, ఇద్దర్నీ కలిపి పిలవాలి అన్నాను. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ మెడకి మఫ్లరు చుట్టుకుని, వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. పెన్సిల్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడ్డారు. ఆ గదికి అంతమంది అలవాటు తప్పిపోయి, కుర్చీ ఎక్కడికి జరపాలో కాసేపు మాకెవరికీ తోచలేదు. చిన్నాచితకా మాటలు అయ్యాయి. మిగిలింది హాలు గుమ్మం బయటి సన్నివేశం. ఆ అమ్మాయి మర్నాడు పై చదువుకి వెళ్ళిపోతుంది. కుర్రాడు చెప్పాల్సింది కాగితం మీద ఉంది. నాకు నువ్వంటే ఇష్టం, మొదటి రోజు నుంచీ, చెప్పడం చేతకాలేదు, రేపు వెళ్ళిపోతున్నావని చెప్తున్నాను.

"ఫైలు మొండికేసింది, పది నిమిషాలు ఆగండి" అన్నాను. ఫైలు బుద్ధిగానే ఉంది. నేను పక్కకి తిరిగి ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను. మైకు ఆపాలి. ఆపలేదు. తప్పే, ఒప్పుకుంటున్నాను.

చెవిలో కాగితం చప్పుడు వినిపించింది. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు. తర్వాత పెన్సిల్ "మేడమ్" అన్నాడు.

"ఊఁ."

"నాకు మీరంటే ఇష్టమండీ. మొదటి సినిమా నుంచీ. చెప్పడం చేతకాలేదు. రేపు వెళ్ళిపోతున్నారని చెప్తున్నాను."

గాజులోంచి చూశాను. నిటారుగా నిలబడి ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనలేదు. ఆ గదిలో అతని సొంత గొంతు వినడం నాకు అదే మొదటిసారి. కానీ మాటలు ఇంచుమించు కాగితంలోవే. ఇన్నేళ్ళుగా నోట్లో నానినవి తప్ప అతని దగ్గర వేరే మాటలు లేవు. ఆ సంగతి అతనికీ ముందు తట్టలేదు, నాకూ తట్టలేదు.

టీచరమ్మ తల కొంచెం వంచి వింది. మూతలో పోసుకున్న నీళ్ళు ఒక గుక్క తాగింది.

"కాగితంలో 'మొదటి రోజు' అని ఉంది, చూసుకోండి. 'మీరు' కాదు, 'నువ్వు'. 'అండీ' తగిలిస్తే తెర మీద కుర్రాడి పెదవి మూసుకున్నాక కూడా మాట మిగిలిపోతుంది" అంది. "అయినా అది కాదు పెన్సిల్ గారూ అసలు చిక్కు. గొంతు చప్పగా ఉంది. రైలు ఎన్నింటికో చెప్తున్నట్టుంది. వాడికి నిజంగా ఇష్టమని ఎవరు నమ్ముతారు? 'ఇష్టం' దగ్గర మీ కీచు పడాలి. జనం నవ్వేది అక్కడే కదా."

తెలిసే తప్పించుకుందా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కాదు. ఆ ముఖం నాకు తెలుసు. టేకు వింటున్నప్పటి ముఖం, దాన్ని ఇరవై రెండేళ్ళు చూశాను.

లోపలికి మాట వినిపించే బటన్ మీద వేలు పెట్టాను. నొక్కి ఏమని చెప్తాను? ఇది కాగితంలో మాట కాదమ్మా అని అతనే చెప్పాలి. ఎదురుచూశాను. చెప్పవయ్యా అని పైకే అన్నాను, వాళ్ళకి వినపడదు.

"సరే మేడమ్" అన్నాడు పెన్సిల్.

గడ్డం ఛాతీకి ఆనించాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సరిగ్గా ఆవిడ చెప్పిన చోట గొంతు జారి కీచుమంది. తర్వాతి మాటకి ఊపిరి అందక ఆగాడు. మళ్ళీ అందుకున్నాడు. నాలుగైదు వందల సార్లు ఆ కీచు విన్నవాణ్ణి, అయినా నాకు చెవుల్లోంచి హెడ్‌ఫోన్స్ తీసేయాలనిపించింది.

టీచరమ్మ నవ్వింది. మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఇదీ. ఇప్పుడు నమ్ముతారు" అంది. ఆ ఊపులోనే తన జవాబు కూడా చెప్పేసింది, కాగితంలో ఉన్నట్టు, పదహారేళ్ళ గొంతుతో.

ఫైలు బాగైందని చెప్పాను. సన్నివేశం ఒక్క టేకులో అయిపోయింది. ఆవిడ అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, వాచ్‌మన్ దగ్గర కూడా ఆగి, కారెక్కి వెళ్ళిపోయింది. పెన్సిల్ గేటు దాకా వెళ్ళి ఫ్లాస్కు అందించి వచ్చాడు.

నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. అతను వచ్చి బల్ల మీద తన కాగితాలు సర్దుతున్నాడు. మైకు ఆపలేదని, అంతా విన్నానని చెప్పాను. కోపగించుకోలేదు.

"అది రిహార్సల్ కాదని ఒక్క ముక్క అనలేకపోయావా?" అన్నాను.

"అనొచ్చండీ." కాగితాల అంచులు సరిచేసి క్లిప్పు పెట్టాడు. "అనాలనిపించలేదు. తేలాల్సింది తేలిపోయింది."

"ఏం తేలింది?"

"మొదటిసారి చెప్పాను చూశారూ, నా గొంతుతో. లోపల ఏమీ కదల్లేదు. రిపోర్టు కవరు అందించినట్టే ఉంది. గడ్డం దించి ఆ కుర్రాడి గొంతుతో రెండోసారి చెప్పినప్పుడు మాత్రం ఇక్కడ పట్టేసింది." గొంతు కింద రెండు వేళ్ళు పెట్టి చూపించాడు. "ఇష్టం వాడికుందండీ. నాకు లేదు."