మా ఇంటి గుర్తు ఉన్న ఎలుకలు

ఆ రోజు మా పెరట్లో ఉన్నవాళ్ళు నలుగురు: నేను, నాన్నగారు, నాయనమ్మ, మా బట్టలు ఉతికే చాకలామె. ఉన్న వస్తువులు: ఏలూరులో రేకుపని చేసే సాయిబుగారు నేనిచ్చిన కొలతల ప్రకారం చేసిన బోనులు ఇరవై నాలుగు, కాల్చిన కొబ్బరిముక్కలు ఒక చేటెడు, చిప్పలో నల్లజీడి గింజల రసం, ఒక సూది. ఒక బోనులో చిట్టెలుక.

పంతొమ్మిది వందల ముప్ఫైల్లో ఒక వేసవి అది. ద్వారకా తిరుమలలో యాత్రికులకు పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు అమ్మే కొట్టు మాది. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. సెలవుల్లో తోటివాళ్ళు పక్షుల్ని చూడడానికి కొల్లేరు వెళ్ళారు. నన్ను మాత్రం మా మేష్టారు, కొండ వెనక ముళ్ళపొదల అడవిలో ఎలుకల్ని పట్టి, గుర్తు పెట్టి వదిలి, మళ్ళీ పట్టి చూడమన్నారు. ఆ పని పూర్తిగా చేసుకొస్తే పై చదువుకు తన దగ్గర చేర్చుకుంటానన్నారు. చెయ్యలేకపోతే సెలవులయ్యాక నేను కొట్లో కూర్చోవాలి. అది నాన్నగారి షరతు.

గుర్తు దేనితో పెట్టాలన్నదే చిక్కయింది. కాలేజీ సిరా రెండు రోజుల్లో చెరిగిపోయింది. చాకలివాళ్ళు బట్ట మూల పెట్టే జీడి గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మాది రెండు చుక్కలు, ఒక గీత. అందుకే చాకలామెను పిలిపించాను.

"ఎలక్కి మీ ఇంటి గుర్తాండీ!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రేపది రేవుకొచ్చి నన్నూ ఉతకమంటే ఏం చెయ్యనండీ?"

"ఉతికి ఆరెయ్యి. మా వాడి చదువు అలా ఏడిచింది" అన్నారు నాన్నగారు.

"నువ్వూరుకోరా" అంది నాయనమ్మ. "పెట్టమ్మా. తప్పిపోయినా ఎవరింటిదో తెలుస్తుంది."

"వెంట్రుకల చివరలకే అద్దండి బాబుగారూ, ఒంటికి తగిలితే పొక్కుతుంది" అని చెప్పి, మొదటి గుర్తు ఆమే పెట్టింది. కడుపు కింద తెల్లని వెంట్రుకల మీద రెండు చుక్కలు, ఒక గీత చక్కగా కుదిరాయి.

ఆ తరువాత కొన్ని వారాలు నాకు పండుగే. సాయంత్రం బోనులు పెట్టడం, తెల్లవారి తీయడం. పడినవి మూడు రకాలు. నేలలో బొరియలు చేసుకునే చిట్టెలుకలు, తోక చివర కుచ్చుతో గెంతుతూ పోయే పొడుగుకాళ్ళ ఎలుకలు, రేగుపొదల్లో గడ్డితో గూడు కట్టుకునే ఎలుకలు. అప్పుడప్పుడు చుంచులు కూడా పడేవి కాని, వాటి వాసనకు నాయనమ్మ వాటిని లెక్కలోంచి తీసేయించింది. గుర్తు పెట్టినవి మొత్తం ముప్ఫై నాలుగయ్యాయి. రోజూ నేను గుమ్మంలోకి రాగానే, "మనవాళ్ళు ఎంతమందొచ్చార్రా?" అని ఆమె అడిగేది.

"కొబ్బరి పెడితే ఎవరైనా వస్తారు" అనేవారు నాన్నగారు, తల ఎత్తకుండానే.

ఒక మధ్యాహ్నం కొండ వెనక పొగ లేచింది. పశువులకు కొత్త గడ్డి మొలవాలని ఎవరో పెట్టిన నిప్పు గాలికి పొదల్ని అందుకుంది. పొద్దుగూకేలోగా నా అడవి మొత్తం కాలి ఆరిపోయింది. బోనులు కడగడానికి ఇంటికి తెచ్చి ఉంచాను గనుక అవి మిగిలాయి.

"ఇంకేముంది, బూడిద" అన్నారు నాన్నగారు. ఆ మాటలో వెటకారం లేదు. "సోమవారం నుంచి కొట్లోకి రా."

మర్నాడు వెళ్ళి చూశాను. పొదల గూళ్ళు ఒక్కటీ లేవు. పైన గద్దలు తిరుగుతున్నాయి. ఒక బొరియ పక్కన జానెడు లోతు తవ్వి చెయ్యి పెట్టాను. పైన నేల ఇంకా వెచ్చగానే ఉంది, లోపలి మన్ను మాత్రం చల్లగా ఉంది. పరుగున ఇంటికొచ్చి, బొరియల్లోవి బతికే ఉండొచ్చని చెప్పాను.

నాయనమ్మ వెంటనే కొడుకు వైపు తిరిగింది. "చాకిరేవులో పంచె పోతే ఊరంతా వెతికిస్తావే. మన గుర్తున్నవి ముప్ఫై నాలుగు పోతే కదలవా? వాడితో వెళ్ళు."

నాన్నగారు కదిలారు. కొట్లోంచి రెండు మంచి కొబ్బరికాయలు తీసి తానే కొట్టారు. "ఎండిపోయిన ముక్కలు పెడితే ఎవరొస్తారు? తిండి లేక ఉంటాయి పాపం" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం బొరియల దగ్గర బోనులు పెట్టి వచ్చాం.

తెల్లవారి వెళ్ళేసరికి బూడిద మీద సన్నని అడుగుల వరసలు, ఎవరో పొద్దున్నే ముగ్గు పెట్టినట్టు. చెరో వైపు నడిచాం. కాసేపటికి నాన్నగారి కేక వినిపించింది.

"లాభం!"

మా కొట్లో ఏది కొలిచినా ఒకటి అనరు, లాభం అంటారు. నేను పరుగెత్తాను. ఆయన బోను పైకెత్తి పట్టుకున్నారు. లోపల చిట్టెలుక బోను ఊచల మీదికి నిక్కి నిలబడి ఉంది. కడుపు మీద రెండు చుక్కలు, ఒక గీత. ఆయన తన పంచె మూల తీసి పక్కన పెట్టి చూసుకున్నారు. అక్కడా అవే.

"మనదేరా" అన్నారు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా నల్లబడింది. ఆయనకు ఆ ధ్యాస లేదు. నాకంటే ముందు తరువాతి బోనుకు చేరి, కొండకు వినపడేలా అరిచారు. "రెండూ!"

దొరికినవన్నీ బొరియల ఎలుకలే. గుర్తు లేనివి కూడా కొన్ని పడ్డాయి. పొదల గూళ్ళలోవి ఒక్కటీ రాలేదు. అవి చచ్చాయో, పారిపోయాయో ఆ పూటకు చెప్పలేను, అలాగే రాసుకున్నాను.

ఇంటి గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది. గుర్తు లేనివి ఉన్నాయంటే, "కొత్త కోడళ్ళయి ఉంటారు" అంది. నాన్నగారు కాళ్ళు కడుక్కుంటూ, "మీ మేష్టారికి రాయి, పై చదువుకు వస్తున్నానని. వానలు పడ్డాక ఎన్నున్నాయో కూడా చూడాలి కదా, బోనులు ఇక్కడే వదిలి వెళ్ళు. నేను చూసుకుంటాను" అన్నారు. తరువాత లెక్క చెప్పమన్నారు. చెప్పాను.

బోనులు ఇరవై నాలుగు. పడినవి పద్నాలుగు. వాటిలో మా ఇంటి గుర్తు ఉన్నవి పదకొండు.